అరిగింది వేరు, చాలనిది వేరు

శృంగవరపుకోట దాటి ఘాట్ ఎక్కడం మొదలుపెట్టిన కాసేపటికి, కుడిచేతి గేరు లీవర్‌ను లోపలికి తోస్తే వేళ్లకు ఏమీ తగల్లేదు. టిక్కుమన్న చప్పుడు లేదు, బిగువు లేదు. లీవర్ ఉత్తినే ఊగి వెనక్కి వచ్చింది. మళ్లీ తోశాను. నాలుగోసారికి పట్టు దొరికి, చైన్ బద్ధకంగా పెద్ద చక్రం మీదికి పాకింది. అప్పటికే వేగం పోయింది, ఊపిరి చెదిరింది. రెండు మలుపులు తిరిగాక ఇంకో సంగతి తెలిసింది. ఉన్నవాటిలోకెల్లా తేలికైన గేరు మీదే ఉన్నాను, అయినా పెడల్ దిగడం లేదు. కుడి మోకాలి చిప్ప పక్కన సన్నగా నొప్పి మొదలైంది. టైడా దగ్గర దిగి, సైకిలును రోడ్డు పక్క గోడకు ఆనించి, నీళ్లు తాగుతూ వెనక చక్రం వైపు చాలాసేపు చూశాను. ఇక మార్చాల్సిందే అనుకున్నాను. ఏం మార్చాలో మాత్రం ఆ క్షణాన నాకు తెలియదు.

ఈ సైకిలు 2012లో కొన్నది. అల్యూమినియం ఫ్రేము, ముందు రెండు పళ్లచక్రాలు, వెనక తొమ్మిది, రిమ్మును పట్టే బ్రేకులు. ఆర్కే బీచ్ నుంచి భీమిలి వైపు తెల్లవారకముందే వెళ్లి ఎండెక్కే లోపు రావడం నాకు దీనితోనే అలవాటైంది. కైలాసగిరి కింది ఎత్తుపల్లాలు, రుషికొండ దగ్గరి ఎదురుగాలి, తొట్లకొండ దాటాక కాళ్లు తేలికపడే చోటు, ఇవన్నీ నాకు దీని మీద కూర్చునే తెలుసు. అందుకే ఆ రోజు అది మొరాయించినప్పుడు కోపం రాలేదు. ఇంట్లో పెద్దవాళ్లకు ఒంట్లో బాగోకపోతే కలిగే దిగులు కలిగింది.

విశాఖ తిరిగొచ్చాక ఒక షోరూముకు తీసుకెళ్లాను. అక్కడి కుర్రాడు మర్యాదగానే చూశాడు. లీవర్‌ను రెండుసార్లు ఆడించి, "మేడమ్, 9 స్పీడ్ అంటే పాతకాలం సరుకు. గ్రూప్‌సెట్ మొత్తం మార్చేయండి" అన్నాడు. 9 స్పీడ్ అంటే వెనక తొమ్మిది పళ్లచక్రాలు. గ్రూప్‌సెట్ అంటే కాలి బలాన్ని చక్రానికి చేర్చే సరంజామా అంతా. పెడళ్లు బిగించే క్రాంకు, చైన్, వెనక పళ్లచక్రాల గుత్తి అయిన క్యాసెట్, చైన్‌ను ఒక చక్రం మీంచి ఇంకో చక్రం మీదికి నెట్టే డీరెయిలర్లు, వాటిని నడిపే లీవర్లు, కేబుళ్లు, వీటితో పాటు బ్రేకులు కూడా.

ఆ రాత్రి కాగితం, కలం పట్టుకుని కూర్చున్నాను. 11 స్పీడ్ పెడదామంటే, 8, 9, 10 స్పీడ్‌ల కోసం చేసిన, వెనక చక్రం నడుమ ఉండే హబ్బు మీద మామూలు 11 స్పీడ్ రోడ్డు క్యాసెట్ పట్టదు. దానికి హబ్బు మీద 1.85 మిల్లీమీటర్ల చోటు ఎక్కువ కావాలి. రెండు మిల్లీమీటర్లు కూడా లేని ఆ తేడా కోసం వెనక చక్రం మారాలి. పోనీ 12 స్పీడ్‌కే వెళ్దామంటే, నాలాంటి మధ్యతరగతి సైకిలిస్టులు ఎక్కువగా ఆశపడే షిమానో కంపెనీ వారి 105 గ్రూప్‌సెట్, 2022లో 12 స్పీడ్ అయినప్పటి నుంచి డిస్క్ బ్రేకులతోనే వస్తోంది. నా ఫ్రేముకు డిస్క్ బ్రేకు బిగించే చోటే లేదు. అంటే ఫ్రేము కూడా మారాలి. తీగ లాగితే డొంకంతా కదిలింది. లీవర్ ఒకటి పట్టుకోనందుకు మొదలైన లెక్క, కొత్త సైకిలు ధర దగ్గరికి వచ్చి ఆగింది.

ఈ భాగాలు ఒకదానినొకటి ఇంత గట్టిగా పట్టుకుని ఉండటానికి ఒక కారణం ఉంది. ఒకప్పుడు గేరు లీవర్‌లో మెట్లుండేవి కావు. కేబుల్ ఎంత లాగాలో నడిపేవాళ్లే చెవితో విని, వేలితో సర్దుకునేవారు. వెనక ఐదు చక్రాలున్నా ఆరున్నా అదే లీవర్ పనికొచ్చేది. 1984లో షిమానో తన డ్యూరా ఏస్ సరంజామాలో ఒక్కో మెట్టుకు ఒక్కో గేరు కచ్చితంగా పడే పద్ధతి తెచ్చింది. 1990లో ఆ గేరు లీవర్‌ను బ్రేకు లీవర్‌లోనే కలిపేసింది. సుఖం పెరిగింది, దానితో పాటు కొలతల ముడి బిగుసుకుంది. లీవర్ ఒక మెట్టుకు కేబుల్‌ను ఎంత లాగుతుంది, దానికి డీరెయిలర్ ఎంత కదులుతుంది, పళ్లచక్రాల మధ్య ఎడం ఎంత, ఈ మూడూ సరిపోతేనే గేరు పడుతుంది. 2015 నాటి షిమానో టియాగ్రా 4700 లీవర్ల మీద 10 స్పీడ్ అనే ఉంటుంది గానీ, అంతకు ముందటి 10 స్పీడ్ రోడ్డు డీరెయిలర్లతో అవి కుదరవు. కేబుల్ లాగే కొలత మారిపోయింది. అంకె ఒకటే కదా అని కొనుక్కొచ్చి తల పట్టుకున్నవాళ్లు నాకు తెలుసు.

కాగితం మడిచి సంచిలో పెట్టుకుని వన్ టౌన్‌లో మా మెకానిక్ బాబాయి దగ్గరికి వెళ్లాను. రిక్షాల కాలం నుంచి చేతిలో స్పానర్ ఉన్న మనిషి. షాపంటే రేకుల కింద పది అడుగుల చోటు, కిరసనాయిలు డబ్బా, మేకులకు వేలాడే పాత చైన్లు. నేను సంగతంతా చెప్పి కాగితం ఇవ్వబోతే ఆయన చెయ్యి చాచలేదు. డ్రాయరులోంచి బడిపిల్లలు వాడే స్టీలు స్కేలు తీసి చైన్‌కు ఆనించారు.

"సున్నా దగ్గర ఈ పిన్ను పెట్టాను కదమ్మా. సరిగ్గా పన్నెండో అంగుళం మీద ఇంకో పిన్ను నడుమ రావాలి. ఎక్కడికొచ్చిందో మీరే చూడండి."

వంగి చూశాను. పిన్ను పన్నెండు దాటి, ఇంకో ఎనిమిదో వంతు అంగుళం పైచిలుకు అవతల ఉంది.

చైన్‌లో పిన్నుకీ పిన్నుకీ మధ్య దూరం అర అంగుళం, అంటే 12.7 మిల్లీమీటర్లు. పాలవాళ్ల సైకిలుకైనా పందెం సైకిలుకైనా ఇదే కొలత. చైన్ సాగిందంటాం గానీ నిజానికి ఉక్కు సాగదు. ప్రతి పిన్నూ తన గూట్లో తిరిగి తిరిగి అరుగుతుంది. ఒక్కోచోట వెంట్రుకవాసి అరుగుదల వంద లింకుల్లో కూడి కూడి చైన్ పొడవు పెరుగుతుంది. పళ్ల మధ్య ఎడం మాత్రం అర అంగుళమే. పొడుగైన చైన్ పళ్ల మొదట్లో కుదురుగా కూర్చోలేక పైకి జరిగి, పళ్లను తన కొలతకు కోసుకుంటుంది. పన్నెండు అంగుళాలకు పదహారో వంతు అంగుళం పెరిగితే చైన్ మార్చే వేళయిందని గుర్తు. 9 స్పీడ్ చైన్ ఆ తరవాత కూడా కొంచెం ఓర్చుకుంటుంది, 11, 12 స్పీడ్‌లలో ఆ ఓర్పు లేదు. పదహారో వంతు దగ్గరే మార్చేస్తే క్యాసెట్ దాదాపుగా దక్కుతుంది. ఎనిమిదో వంతుకు చేరాక క్యాసెట్ కూడా పోయినట్టే. దాని మీద కొత్త చైన్ వేస్తే, సరిగ్గా కాలు బిగించి తొక్కినప్పుడే జారుతుంది.

మా ఊళ్లో దీనికి ఉప్పుగాలి తోడు. బీచ్ రోడ్డు మీద ఎగిరే సన్నటి ఇసుక నూనె రాసిన చైన్‌కు అంటుకుంటే, ఆ నూనే సానపిండిలా పనిచేస్తుంది. తుడవకుండా నూనె పోయడం ఆ పిండిని లోపలికి తోయడమే. ఇన్నేళ్లూ నేను చేసింది అదే. శుభ్రం చేయడానికి బద్ధకించిన రోజున రెండు చుక్కలు ఎక్కువ పోసి, సేవ చేశాననుకున్నాను. తప్పు నాది. చైన్‌కు ఒక్క పొడిగుడ్డ నేను చూపించి ఉంటే ఆ క్యాసెట్ ఇంకొన్నేళ్లు బతికేది.

తరవాత బాబాయి లీవర్ పట్టుకున్నారు. రబ్బరు తొడుగు వెనక్కి తీసి, కేబుల్ బయటికి లాగారు. దాని తల దగ్గర మూడు పోగులు తెగి విచ్చుకుని ఉన్నాయి. గొట్టం చివర ఎర్రటి తుప్పు. లీవర్ లోపల చిన్న కొక్కేలుంటాయి. సన్నటి స్ప్రింగు వాటిని పళ్లలోకి నెడితేనే పట్టు దొరుకుతుంది. ఏళ్ల తరబడి గ్రీజు ఎండి మైనంలా గట్టిపడితే కొక్కెం లేవదు, లీవర్ ఉత్తినే ఊగుతుంది. జిడ్డు కరిగించే ద్రావకం కొట్టి ఆడించడం మొదలుపెట్టారు. నల్లటి నీరు కారింది. తుడిచి మళ్లీ కొట్టారు, మళ్లీ ఆడించారు. అరగంట దాకా ఏమీ కాలేదు. నేను ఆశ వదులుకుంటున్న సమయంలో టిక్కుమంది. ఇంకోసారి. ఆ తరవాత తొమ్మిది గేర్లకూ వరసగా. పల్చటి నూనె నాలుగు చుక్కలు వేసి, చేతులు తుడుచుకుంటూ ఆయన అన్న మాట ఈ వారం నాచేత ఈ కాలమ్ రాయిస్తోంది.

"మీరు రెండు సంగతులు కలిపేశారమ్మా. అరిగింది వేరు, చాలనిది వేరు. అరిగింది స్కేలు చెబుతుంది. చాలనిదేదో మీ కాలు చెప్పాలి. షాపువాళ్లు చెప్పలేరు, నేనూ చెప్పలేను."

స్కేలు చెప్పింది విన్నాను. చైన్, క్యాసెట్, కేబుళ్లు, వాటి గొట్టాలు మారాలి. లీవర్లు ఉంటాయి. ఇక నా కాలు ఏం చెబుతోంది?

సమాధానం లెక్కలోనే ఉంది. నా సైకిలుకు ముందు చిన్నచక్రానికి 34 పళ్లు, వెనక పెద్దచక్రానికి 25. పెడల్ ఒక చుట్టు తిరిగితే చక్రం 1.36 చుట్లు తిరుగుతుంది. చక్రం చుట్టుకొలత 2.1 మీటర్లు కాబట్టి, ఒక్కో చుట్టుకు సుమారు 2.86 మీటర్లు ముందుకు పోవాలి. నిమిషానికి అరవై చుట్లు తిప్పాలంటే గంటకు పది కిలోమీటర్లకు పైగా వేగం ఉండాలి. అనంతగిరి కాఫీ తోటల వైపు ఎక్కే ఆ ఘాట్‌లో నా వేగం ఎనిమిది. అంటే పెడల్ నిమిషానికి నలభై ఏడు చుట్లకు పడిపోతుంది. లోటు బలం మోకాలి మీద పడుతుంది. నలభైలో ఆ బరువు తెలియలేదు. యాభై దాటాక తెలుస్తోంది. వెనక 25 బదులు 32 పళ్ల చక్రం ఉంటే, ఒక్కో చుట్టుకు పోవాల్సిన దూరం 2.23 మీటర్లకు తగ్గుతుంది. అదే ఎనిమిది కిలోమీటర్ల వేగంతో అరవై చుట్లు తిప్పుకోవచ్చు. నాకు కావలసింది ఇదీ. వెనక చక్రాలు తొమ్మిదా పన్నెండా అన్నది నా మోకాలికి పట్టని విషయం. చివరి చక్రానికి ఎన్ని పళ్లున్నాయన్నదే దానికి కావాలి.

ఇంత తేలికైన లెక్క ఇన్నేళ్లు వేసుకోకపోవడానికి కారణం గర్వం. పెద్ద పళ్లచక్రం పెట్టించుకోవడమంటే ఓడిపోవడమని లోపల ఎక్కడో అనుకున్నాను. ఈ గర్వానికి వయసు చాలా ఉంది. టూర్ ద ఫ్రాన్స్ పందేన్ని 1903లో మొదలుపెట్టి దశాబ్దాల పాటు నడిపిన ఆన్రీ దెగ్రాంజ్, గేరు మార్చే డీరెయిలర్లను పోటీలోకి రానివ్వలేదు. మనిషి కండలే గెలవాలన్నది ఆయన పట్టుదల. ఆల్ప్స్ కొండల కింద రైడర్లు ఆగి, వెనక చక్రం విప్పి, అటుది ఇటు తిప్పి బిగించుకుని, రెండోవైపున్న తేలిక గేరుతో ఎక్కేవారు. అదే దేశంలో పాల్ ద వివి అనే పత్రికా సంపాదకుడు, వెలోసియో అన్న కలం పేరుతో, కొండలెక్కేవాళ్లకు గేర్లు కావాలని ఏళ్ల తరబడి రాశాడు, తొక్కి చూపించాడు. ఆయన 1930లో పోయాడు. టూర్‌లో డీరెయిలర్లకు అనుమతి దొరికింది 1937లో. కొండకు తగ్గ గేరు వేసుకోవడం బలహీనత కాదని ఆయన చెప్పిన మాటను, తొంభై ఏళ్ల తరవాత నా మోకాలు ఒప్పుకుంది.

ఒకటి పొందితే ఒకటి పోతుందన్నది కూడా చెప్పాలి. నా పాత క్యాసెట్‌లో పళ్లు 12, 13, 14, 15, 17, 19, 21, 23, 25. కొత్తదానిలో 11, 12, 14, 16, 18, 21, 24, 28, 32. మెట్లు అవే తొమ్మిది, ఎక్కాల్సిన ఎత్తు మాత్రం పెరిగింది. అందుకే మెట్టుకూ మెట్టుకూ మధ్య ఎడం పెరిగింది. బీచ్ రోడ్డు మీద ఎదురుగాలిలో 15 నుంచి 17కు మారినప్పుడు కాలి లయ చెడేది కాదు. ఇప్పుడు 18 తరవాత 21, దాని తరవాత 24. ఎడం పెరిగిన చోట లయ ఒక్క క్షణం తడబడుతుంది. గుంపుగా, వేగంగా, చదును రోడ్ల మీద తొక్కేవాళ్లకు ఈ తేడా పెద్దదే. అలాంటివాళ్లకు 11, 12 స్పీడ్ నిజంగా ఉపయోగపడుతుంది. పెద్ద చక్రమూ దొరుకుతుంది, దగ్గర మెట్లూ దొరుకుతాయి.

ఇంకో చిక్కు డీరెయిలర్. చైన్‌లో మిగులును అదే మడిచి పట్టుకోవాలి. ముందు చక్రాల తేడా 16, వెనక తేడా 13, కలిపి 29 పళ్ల మిగులు ఇదివరకు. కొత్త క్యాసెట్‌తో అది 37. నాకున్న పొట్టి డీరెయిలర్‌కు అంత చేతకాదు. ఇక్కడ పాత తరం కలిసొచ్చింది. షిమానో 9 స్పీడ్ కాలంలో రోడ్డు సైకిలు లీవర్‌కూ కొండ సైకిలు వెనక డీరెయిలర్‌కూ కేబుల్ లెక్క ఒకటే. పొడుగు చేయి ఉన్న కొండ సైకిలు డీరెయిలర్‌ను బాబాయి తెచ్చి బిగించారు. ముందుగా ఫ్రేముకు డీరెయిలర్ తగిలించే చిన్న కొక్కెం వంగి ఉందేమో చూశారు. వంగే ఉంది. ఎప్పుడో సైకిలు కుడివైపుకు పడి ఉంటుంది. అది సరిచేయకుండా ఎంత ఖరీదైన గేర్లు పెట్టినా సరిగా పడవని చెప్పారు.

అరిగింది, చాలనిది కాక మూడో సంగతి ఒకటుంది. బాబాయి దాని మాట ఎత్తలేదు, నేనే ఎత్తాలి. ఒకరోజు పొద్దున మిత్రుడు తన కొత్త సైకిలు నడపనిచ్చాడు. మీట తాకితే చాలు, సన్నటి మోటారు చప్పుడుతో గేరు పడింది. ఎక్కుతూ మార్చినా, కాలు బిగించి మార్చినా తొణకలేదు. ఇంటికొచ్చాక రెండు రోజులు ఆ చప్పుడు చెవిలో ఉండిపోయింది. మనసు పడటంలో తప్పేమీ లేదు. ఒక పనిముట్టు అందంగా పనిచేస్తే ఆనందపడటం ఆ పనిని ప్రేమించడంలో భాగమే. ఆ ఆశను అవసరం పద్దులో రాసుకోవడం మాత్రం తప్పు. "లీవర్ పాడైంది కాబట్టి మార్చాలి" అని ఇంట్లో చెప్పడానికి నేను దాదాపు సిద్ధపడ్డాను. లీవర్ పాడవలేదు. డబ్బుండి ఇష్టమైతే, "నాకు ఇష్టమై కొంటున్నాను" అనాలి. అలా కొన్న వస్తువు ఏళ్ల తరవాత కూడా గుండె బరువెక్కించదు.

పాత సైకిళ్లున్నవాళ్లకు, నేను తెలుసుకున్నంతలో, ఇంత చెప్పగలను. ముందు స్కేలు పెట్టి చైన్ కొలవండి. కేబుళ్లు, గొట్టాలు కొత్తవి వేయించండి. లీవర్లు కడిగించండి. వంగిన కొక్కెం సరిచేయించండి. ఇవన్నీ అయ్యాక ఒక నెల తొక్కి, ఏ చోట ఏ గేరు లేక ఆగిపోతున్నారో రాసుకోండి. ఆ కాగితం మీద ఏమీ లేకపోతే మీ సైకిలుకు ఏ లోటూ లేదు. 8, 9 స్పీడ్ చైన్లు, క్యాసెట్లు ఇప్పటికీ తయారవుతున్నాయి, దొరుకుతున్నాయి. వెనక ఫ్రేము ఎడం 126 మిల్లీమీటర్లే ఉన్న ఇంకా పాత సైకిళ్లలో ఆ తరవాత వచ్చిన 130 మిల్లీమీటర్ల హబ్బు నేరుగా కూర్చోదు. అప్పుడు చేతిపని తెలిసినవాళ్లను అడగకుండా ఏదీ కొనకండి. లీవర్ లోపలి పళ్లే విరిగిపోతే, ఫ్రేము నిక్షేపంలా ఉంటే, మొత్తం మార్చడం సబబే. మార్చేవాటి ధర కూడి కూడి కొత్త సైకిలును అందుకుంటే, పాతదాన్ని బాగుచేసి ఇంకొకరికిచ్చి కొత్తది కొనుక్కోవడం మేలు.

పోయిన ఆదివారం మళ్లీ శృంగవరపుకోట వెళ్లాను. టైడా దగ్గర ఆ గోడ కనిపించింది, ఆగలేదు. వెనక 32 మీద చైన్ పడి ఉంది. కాళ్లు తిరుగుతున్నాయి. వేగం అదే ఎనిమిది. అనంతగిరిలో కాఫీ తాగేటప్పుడు మోకాలు తడుముకున్నాను. నొప్పి లేదు.

తిరిగొచ్చాక బాబాయి షాపుకు వెళ్తే, మేకుకు వేలాడుతున్న నా పాత చైన్‌ను చూసి వెళ్లమన్నారు. దాని పక్కన, లింకులు సమంగా లెక్కపెట్టి, ఇంకో కొత్త చైన్ తీసి అదే మేకుకు తగిలించారు. పాతది అర అంగుళం పైగా కిందికి ఉంది. పన్నెండేళ్ల భీమిలి పొద్దులన్నీ ఆ అర అంగుళంలోనే ఉన్నాయి. పాత చైన్‌ను ఇంటికి తెచ్చుకున్నాను. దాని పక్కనే ఒక స్టీలు స్కేలు, ఒక పొడిగుడ్డ వేలాడదీశాను.